‘ఫ్రాంకెన్‌స్టైన్’: పద్దెనిమిదేళ్ళ అమ్మాయి మొదలుపెట్టిన చీకటి నవల మీద పాఠకులు ఏమన్నారు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మేరీ షెల్లీ రాసిన ఈ నవలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనేవాడు ప్రాణంలేని ఒంటికి ప్రాణం పోసి ఒక జీవిని తయారుచేసి, భయపడి వదిలేస్తాడు. దాన్ని చదివినవాళ్ళు, సగంలో ఆపేసినవాళ్ళు, సినిమా చూసి పుస్తకం చదివినట్టే అనుకున్నవాళ్ళు, అందరూ అడిగే ప్రశ్నలివి. పుస్తకం ఎలా ఉందన్న దానికంటే, దాన్ని చదివినవాళ్ళు ఏమన్నారు, ఎందుకన్నారు అన్నదే ఇక్కడ ఎక్కువ. కథలో మలుపులు బయటపెట్టక తప్పని చోట ముందే చెప్పాను.

రాసినప్పుడు ఆమె వయసెంత? నిజంగా అదే మొదటి నవలా?

మేరీ షెల్లీ 1797 ఆగస్టు 30న లండన్‌లో పుట్టింది. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున కథ మొదలుపెట్టేటప్పటికి పద్దెనిమిది నిండాయి, పందొమ్మిది ఇంకా రాలేదు. 1817 వేసవి వచ్చేలోపు రాత పూర్తయింది. 1818 జనవరి 1న పుస్తకం బయటికొచ్చేసరికి ఇరవై ఏళ్ళు. నవలగా ఇదే మొదటిది.

ఆ వేసవిలో ఎండ లేదు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలడంతో ఆ బూడిద యూరప్ ఆకాశాన్ని కూడా కప్పేసింది. బయటికి పోలేక కవి బైరన్ అద్దెకున్న విల్లా డియోడాటిలో అందరూ చేరి దయ్యాల కథలు చదువుకున్నారు. తలా ఒక దయ్యం కథ రాద్దామన్నాడు బైరన్. ఆ పందెంలో పెద్ద కవులిద్దరూ, అంటే బైరన్, మేరీకి కాబోయే భర్త పెర్సీ షెల్లీ, మధ్యలోనే వదిలేశారు. చివరిదాకా రాసినవాళ్ళు మేరీ, బైరన్ వెంట వచ్చిన డాక్టర్ పోలిడోరి. పోలిడోరి కథ 1819లో అచ్చయింది. ఇంగ్లీషులో రక్తపిశాచి కథలకు దారి వేసింది అదే.

మొదటి ముద్రణలో రచయిత పేరు ఎందుకు లేదు?

అప్పట్లో పేరు లేకుండా నవల వేయడం కొత్తేమీ కాదు, ఆడవాళ్ళయితే మరీ మామూలు. మేరీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల మీద 1792లోనే పుస్తకం రాసి, మెప్పూ తిట్లూ రెండూ తిన్న మనిషి. మేరీ పుట్టిన కొద్ది రోజులకే బాలింత జ్వరంతో చనిపోయింది. తండ్రి విలియం గాడ్విన్ అప్పటి ప్రభుత్వానికి గిట్టని రాజకీయ రచయిత. మేరీ పదహారేళ్ళప్పుడు, అప్పటికే పెళ్ళయిన పెర్సీ షెల్లీతో ఇల్లు వదిలి వెళ్ళింది. అతని మొదటి భార్య 1816 డిసెంబరులో నీళ్ళలో పడి చనిపోయాక ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అట్టమీద పేరు పడితే పుస్తకం తెరవకముందే తీర్పు అయిపోయేది.

అయినా గుట్టు పూర్తిగా దాగలేదు. పుస్తకాన్ని గాడ్విన్‌కి అంకితమిచ్చారు. ముందుమాట పెర్సీ రాశాడు. ఆ రెండు వాసనలు పట్టుకునే విమర్శకులు వేట మొదలుపెట్టారు.

అప్పటి పత్రికలు ఏమన్నాయి? అందరూ తిట్టారంటారు, నిజమేనా?

అందరూ కాదు. కానీ తిట్టినవాళ్ళు గట్టిగానే తిట్టారు.

‘క్వార్టర్లీ రివ్యూ’లో జాన్ విల్సన్ క్రోకర్ రాసిన సమీక్ష అన్నిటికంటే ప్రసిద్ధం. కీట్స్ కవిత్వాన్ని చీల్చి చెండాడింది కూడా ఈయనే. భయంకరమైన, అసహ్యమైన అర్థంలేనితనాన్ని పోగులు పోగులుగా నేసినట్టుందని నవలను కొట్టేశాడు. రచయితకూ కథానాయకుడికీ పిచ్చిలో తేడా ఉందా అని అనుమానపడ్డాడు. గాడ్విన్‌కి అంకితమివ్వడాన్ని కూడా వెక్కిరించాడు, అంటే కోపం సగం పుస్తకం మీద, సగం గాడ్విన్ రాజకీయాల మీద. అయితే ఇదే క్రోకర్, రచయితకు ఊహాశక్తీ భాషాశక్తీ ఉన్నాయని ఒప్పుకోకుండా ఉండలేకపోయాడు. ఆ వాక్యాన్ని తర్వాత చాలామంది ఎత్తి చూపరు. తిట్లే రుచిగా ఉంటాయి కదా.

‘మంత్లీ రివ్యూ’ నాలుగు ముక్కల్లో తేల్చేసింది: మొరటు కథ, జర్మన్ నవలల తరహా, నమ్మశక్యం కాదు, చివరికి నీతీ లేదు తత్వమూ లేదు. క్రోకర్ ఫిర్యాదు కూడా సరిగ్గా ఇదే. చదివితే గుండె అలిసిపోతుంది, బుద్ధికి మాత్రం ఏ పాఠమూ దొరకదు అని.

నాకు ఈ ఫిర్యాదే అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. ఎందుకంటే వాళ్ళు పుస్తకాన్ని సరిగ్గానే చదివారు. ఈ నవల ఎవరి పక్షమూ తీసుకోదు. మనిషిని తయారుచేసినవాడు చెప్పేది వింటే అతను పాపం అనిపిస్తుంది, తయారైనవాడు చెప్పేది వింటే వీడు పాపం అనిపిస్తుంది. 1818లో అది లోపం. ఇప్పుడు ఇదే పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఒక్క కారణానికే మెచ్చుకుంటారు.

ప్రసిద్ధ రచయిత వాల్టర్ స్కాట్ మెచ్చుకున్నాడంటారు కదా?

మెచ్చుకున్నాడు, మనస్ఫూర్తిగా. 1818 మార్చిలో ‘బ్లాక్‌వుడ్స్ ఎడిన్‌బరో మ్యాగజైన్’లో పెద్ద వ్యాసమే రాశాడు. రచయితకు సొంత ప్రతిభ ఉందని, అద్భుతాన్ని చూపించి భయపెట్టడం కాకుండా, అద్భుతం ఎదురైతే మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చూపడం ఈ పుస్తకం పని అని గుర్తించాడు. ఇంత సూటిగా నవల గుట్టు పట్టిన సమీక్ష ఆ కాలంలో ఇంకొకటి కనబడదు.

ఆయన పెట్టిన వంక కూడా సరదాగా ఉంటుంది. ఆ జీవి ఒక గుడిసె పక్కన దాక్కుని, గోడ సందులోంచి ఆ ఇంటివాళ్ళ మాటలు వింటూ భాష నేర్చుకుంటాడు, తర్వాత మిల్టన్, ప్లూటార్క్, గొథే చదివేస్తాడు. గోడకున్న రంధ్రంలోంచి ఇదంతా నేర్చుకోవచ్చంటే యూక్లిడ్ లెక్కలూ, జమాఖర్చుల చిట్టా రాయడమూ కూడా నేర్చుకోవచ్చు అన్నాడు స్కాట్. ఈ రోజుకీ పాఠకులు ఎక్కువగా పెట్టే అభ్యంతరం ఇదే. రెండు వందల ఏళ్ళయినా దీనికి సరైన జవాబు దొరకలేదు, నా దగ్గర కూడా లేదు.

కాకపోతే స్కాట్ ఒక చోట బోల్తాపడ్డాడు. పుస్తకం పంపింది పెర్సీ షెల్లీ. రాసిన స్నేహితులు ఊళ్ళో లేకపోవడంతో అచ్చు పని మాత్రం తాను చూశానని ఉత్తరంలో చెప్పాడు. స్కాట్ అది నమ్మలేదు, రాసింది పెర్సీయే అనుకున్నాడు. 1818 జూన్‌లో మేరీ ఇటలీ నుంచి స్కాట్‌కి మర్యాదగా ఉత్తరం రాసింది: నా చిన్ననాటి ప్రయత్నానికి షెల్లీని దోషిని చేయకండి అని. ఒక్క వాక్యంలో అణకువ, చురక, సొంతదారు సంతకం మూడూ ఉన్నాయి.

రాసింది అమ్మాయి అని తెలిశాక అభిప్రాయాలు మారాయా?

పుస్తకంలో ఒక్క అక్షరం మారకుండానే అభిప్రాయాలు మారాయి.

‘బ్రిటిష్ క్రిటిక్’ 1818 ఏప్రిల్‌లో నవలను దులిపేసి, చివర్లో ఇలా ముగించింది: రాసింది ఆడమనిషి అని విన్నాం, దానివల్ల తప్పు ఇంకా పెద్దదైంది. ఆమె తన ఆడతనపు మృదుత్వాన్ని మరిచిపోయినా మేం మరిచిపోం, కాబట్టి ఇక ఏమీ మాట్లాడం. మాట్లాడాల్సిందంతా మాట్లాడేశాక ఇక మాట్లాడం అనడం ఒక కళ.

‘లిటరరీ పనోరమా’ ఇంకో దారి పట్టింది. ఇది గాడ్విన్ పాత నవలకు బలహీనమైన అనుకరణ, బహుశా ఆయన కూతురే రాసి ఉంటుంది అని. అంటే బాగుంటే మొగుడిది, బాగోకపోతే తండ్రి నుంచి కొట్టేసింది. 1824లో ‘నైట్స్ క్వార్టర్లీ’లో రాసిన ఒకాయన అయితే ‘ఫ్రాంకెన్‌స్టైన్’ని ఆకాశానికెత్తాడు. ఆ తర్వాత వచ్చిన ‘వాల్పెర్గా’ అంత తేలిపోవడానికి ఒకే కారణం తోస్తోందన్నాడు: మొదటిది భర్త రాసి ఉంటాడు, రెండోదే నిజంగా ఆమెది. మొదటి నవల బాగా కుదిరిన ఏ రచయితకైనా రెండో పుస్తకం దగ్గర గండం ఉంటుంది. ఆమెకు మాత్రం ఆ గండం మొదటి పుస్తకాన్ని కూడా లాక్కోవాలని చూసింది.

తిట్లలో మొదటి బహుమతి విలియం బెక్‌ఫర్డ్‌కి ఇవ్వాలి. తన సొంత ప్రతిలోనే రాసుకున్నాడు: ఈ కాలపు కంపు కొట్టే పెంటకుప్ప మీద మొలిచిన పుట్టగొడుగుల్లో ఇంతకంటే నీచమైనది లేదేమో అని. ఈ బెక్‌ఫర్డ్ ఎవరు? తనూ ఇరవై రెండేళ్ళ లోపే ‘వాథెక్’ అనే భయానక నవల రాసిన మనిషి. పోటీదారు సమీక్ష ఎప్పుడూ ఒక మెట్టు తగ్గించి చదవాలి.

బైరన్ మాత్రం 1819లో తన ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో పందొమ్మిదేళ్ళ అమ్మాయి రాసిందంటే అద్భుతమే అని, వెంటనే, అప్పటికి పందొమ్మిది కూడా నిండలేదు అని సరిదిద్దాడు. మెచ్చుకోలే. కానీ గమనించండి, ఇది కూడా వయసు లెక్కే.

పత్రికల సంగతి సరే, మామూలు పాఠకులు ఏమనుకున్నారు?

మొదటి ముద్రణ 500 ప్రతులు. మూడు భాగాలు, ధర పదహారున్నర షిల్లింగులు. పౌనుకి ఇరవై షిల్లింగులు అనుకుంటే, కూలి పని చేసుకునే ఇంట్లోకి ఆ పుస్తకం వచ్చే అవకాశమే లేదు. డబ్బున్నవాళ్ళు కొన్నారు, మిగిలినవాళ్ళు చందా కట్టి తెచ్చుకునే అద్దె లైబ్రరీల్లో చదివారు.

అయినా పేరు పాకింది. షెల్లీల స్నేహితుడు, రచయిత పీకాక్ 1818 ఆగస్టులో ఎగమ్ గుర్రప్పందేలకు వెళ్తే, అక్కడ కలిసిన పరిచయస్తుల్లో చదివే అలవాటున్నవాళ్ళంతా ఈ నవల గురించీ, రాసినవాళ్ళ గురించీ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారట. అందరికీ తెలిసినట్టే, అందరూ చదివినట్టే ఉంది అని ఇటలీకి ఉత్తరం రాశాడు. పత్రికలు తిట్టిన ఏడాదే గుర్రప్పందేల మైదానంలో జనం ఆరా తీస్తున్నారు. నన్నడిగితే సమీక్షలన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం ఇది.

అయితే నిజంగా పెర్సీ చేయి ఎంత?

చేయి ఉంది. రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో భద్రంగా ఉంది కాబట్టి ఎవరి చేతిరాత ఎక్కడుందో చూడొచ్చు. ఆ ప్రతుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన చార్లెస్ రాబిన్సన్ లెక్క ప్రకారం దాదాపు 72,000 మాటల నవలలో పెర్సీ చేర్చినవి నాలుగైదు వేలు. ఎక్కువగా మాటలు బరువుగా మార్చడం, వాక్యాలు సాగదీయడం. కొన్ని చోట్ల మేరీ తేలికగా రాసిన దాన్ని ఆయన గ్రాంథికం చేశాడని నాకనిపిస్తుంది. కథ, పాత్రలు, కట్టడం మాత్రం ఆమెవే. ఈ రోజుల్లో మంచి ఎడిటర్ చేసే పని అది. ఎడిటర్ పనికి ఎవరూ నవల రాసిచ్చేయరు.

ఇంతకీ భయపెడుతుందా? సస్పెన్స్ ఉందా?

దయ్యాల సినిమా లాంటి భయం కోసం తెరిస్తే నిరాశే. ఇప్పటి పాఠకుల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి: మొదట్లో ఓడ కెప్టెన్ వాల్టన్ ఉత్తరాలు నత్తనడక, కొండలూ సరస్సుల వర్ణన ఎక్కువ, విక్టర్ అస్తమానూ మూర్ఛపోవడం, నెలల తరబడి జ్వరం, ఏడుపు. ఇవన్నీ నిజమే. ముఖ్యంగా విక్టర్ జ్వరాలు. కథకు ఎక్కడ చిక్కు వచ్చినా మనవాడు మంచం ఎక్కేస్తాడు.

కానీ టెన్షన్ ఉంది, వేరే రకంగా. కథలో కథ, అందులో ఇంకో కథ. ఉత్తర ధ్రువం దగ్గర మంచులో ఇరుక్కున్న వాల్టన్ తన అక్కకు రాస్తాడు. అతనికి విక్టర్ చెబుతాడు. విక్టర్ కథ మధ్యలో ఆ జీవి తన కథ చెబుతాడు. ఒక్కో పొర దాటేకొద్దీ ఎవరి మాట నమ్మాలో తెలియని స్థితి వస్తుంది. ప్రాణం పోసే ఘట్టం చూడండి: నవంబరు రాత్రి, కిటికీ మీద వాన, ఆరిపోబోతున్న కొవ్వొత్తి, తెరుచుకున్న ఒక పసుపు కన్ను. అంతే. ఉరుముల్లేవు, మెరుపుల్లేవు, యంత్రాల్లేవు. ఎలా చేశాడో ఒక్క ముక్క చెప్పదు. విక్టర్ భయపడి పారిపోయి పడుకుంటాడు. లేచేసరికి మంచం తెర తొలగించి వాడు చూస్తూ ఉంటాడు. మొదటిసారి చదివినవాళ్ళకు గుర్తుండిపోయేది ఆ తెరే.

(ఇక్కడ కథ మలుపు ఒకటి చెబుతున్నాను, వద్దనుకుంటే తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి.) జీవి తనకు తోడుగా ఒక ఆడమనిషిని తయారుచేయమంటాడు. విక్టర్ ఒప్పుకుని, ఆర్క్‌నీ దీవుల్లో సగం చేసి, వాడి కళ్ళముందే ముక్కలు చేసేస్తాడు. అప్పుడు వాడు, నీ పెళ్ళిరాత్రి నీ దగ్గరుంటాను అంటాడు. వాడు తనను చంపడానికే వస్తాడని విక్టర్ అనుకుంటాడు. పాఠకుడికి మాత్రం ఆ క్షణమే తెలిసిపోతుంది చావబోయేది ఎవరో. పెళ్ళి దాకా ప్రతి పేజీ నరకం. మనకు తెలుసు, అతనికి తెలియదు, చెప్పడానికి దారి లేదు. కొంతమంది దీన్ని లోపం అంటారు, విక్టర్ అంత మొద్దా అని. తన బాధ తప్ప ఇంకొకరి ప్రాణం గుర్తుకు రాని మనిషికి సరిపోయిన మొద్దుతనమే అది అని నా ఉద్దేశం.

ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ రాక్షసుడి పేరేనా?

కాదు, తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. నవలలో జీవికి పేరే పెట్టలేదు.

మరి సినిమాల్లో చూసే కుబ్జ సేవకుడు, పిడుగులు, మూగ రాక్షసుడు ఎక్కడివి?

చాలావరకు నాటకం నుంచి. 1823 జూలై 28న లండన్ ఇంగ్లీష్ ఒపెరా హౌస్‌లో రిచర్డ్ బ్రిన్స్‌లీ పీక్ రాసిన నాటకం మొదలైంది. అందులో జీవికి మాటలు లేవు, విక్టర్‌కి ఫ్రిట్జ్ అనే నౌకరు తోడయ్యాడు. నాటకం కరపత్రంలో జీవి వేషం పేరు ఉండాల్సిన చోట ఒక గీత మాత్రమే అచ్చువేశారు. భర్త పోయి, కొడుకుతో ఇటలీ నుంచి తిరిగొచ్చిన మేరీ ఆగస్టు 29న వెళ్ళి చూసింది. ఆ గీత ఆమెకు తెగ నచ్చింది. తీరా వచ్చి చూస్తే నేను ప్రసిద్ధురాలినైపోయాను అని స్నేహితుడికి రాసింది. నాటకం ఊపులోనే తండ్రి రెండో ముద్రణ వేయించాడు. అట్టమీద ఆమె పేరు ఇంగ్లీషులో మొదటిసారి అప్పుడే పడింది.

అప్పటినుంచి నవల చదివినవాళ్ళకంటే నాటకం చూసినవాళ్ళ అభిప్రాయాలే ఎక్కువ చలామణీ అయ్యాయి. 1931లో హాలీవుడ్ సినిమా వచ్చి, బోరిస్ కార్లాఫ్ ముఖమే ఖాయం చేసింది. జీవికి మాటలు తీసేస్తే నవలలో సగం పోయినట్టే. పుస్తకంలో అందరికంటే బాగా వాదించేది వాడే.

రాజకీయులూ వదల్లేదు. 1824 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో జార్జ్ కానింగ్ వెస్టిండీస్ బానిసలను వెంటనే విడుదల చేయకూడదని వాదిస్తూ ఈ నవలనే గుర్తుచేశాడు. ఒళ్ళు పెరిగి బుద్ధి పెరగనివాణ్ణి వదిలితే ఏమవుతుందో చూడండి అన్నట్టు. పుస్తకం చెప్పేదానికి పూర్తిగా తలకిందులు. నాటకం చూసిన మనిషి ఉపన్యాసంలా ఉంటుంది అది.

ఇది మన భస్మాసురుడి కథే కదా?

తెలుగువాళ్ళతో ఈ పుస్తకం మాట తీస్తే మొదట వచ్చేది ఇదే. చేసినవాడి నెత్తికే చుట్టుకుంది కాబట్టి పోలిక తడుతుంది. కానీ నిలబడదు. భస్మాసురుడు తపస్సు చేసి, కోరి వరం తెచ్చుకున్నాడు. ఈ జీవి ఏమీ కోరలేదు. మట్టిలోంచి నన్ను మనిషిని చేయమని నేనడిగానా అనే అర్థం వచ్చే మిల్టన్ పంక్తులు మొదటి ముద్రణ ముఖపత్రం మీదే ఉన్నాయి.

నన్నడిగితే దగ్గరి పోలిక కుంతి, కర్ణుడు. దుర్వాసుడిచ్చిన మంత్రం పనిచేస్తుందో లేదో చూద్దామని కుతూహలంతో జపించింది. పనిచేసింది. బిడ్డను చూసి భయపడి పెట్టెలో పెట్టి నీళ్ళలో వదిలేసింది. విక్టర్ చేసిందీ అంతే: కుతూహలం, ఫలితం, భయం, పారిపోవడం. తేడా ఒక్కటే. కర్ణుడికి రాధ దొరికింది. వీడికి ఎవరూ దొరకలేదు. జీవి పక్కన దాక్కున్న గుడిసెలోని గుడ్డివాడైన ముసలి డి లేసీ ఒక్కడే కాసేపు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు, కళ్ళున్నవాళ్ళు వచ్చేదాకా.

తప్పు ఎవరిది: విక్టర్‌దా, జీవిదా?

పాఠకులు ఇప్పటికీ రెండు జట్లుగా విడిపోయేది ఇక్కడే. పెర్సీ షెల్లీ ఒక సమీక్ష రాసి పెట్టుకున్నాడు. అది అతను చనిపోయిన పదేళ్ళకు, 1832లో ‘అథీనియం’లో అచ్చయింది. ఎవరినైనా చెడ్డగా చూడండి, చెడ్డవాడే అవుతాడు అన్నది అందులో సారం. అంటే ఆయన జీవి జట్టు. క్రోకర్ లాంటివాళ్ళు నీతి లేదన్న పుస్తకంలోనే ఆయనకు నీతి కనబడింది.

నేను పూర్తిగా ఒప్పుకోను. జీవి చేతిలో చచ్చిన విక్టర్ తమ్ముడు, చిన్న పిల్లవాడు విలియం ఏం పాపం చేశాడు? చేయని హత్యకు ఉరి ఎక్కిన పనిమనిషి జస్టిన్ ఏం చేసింది? ఆమె మీద నేరం పడేలా ఏర్పాటు చేసింది జీవి, నిజం తెలిసీ కోర్టులో నోరు విప్పనిది విక్టర్. ఆ చావులో ఇద్దరికీ వాటా ఉంది. జట్టు కట్టే ముందు జస్టిన్ అధ్యాయం ఇంకోసారి చదవమని చెబుతాను.

ఆమె జీవితంలోని విషాదమే ఈ నవల అంటారు. ఎంతవరకు నిజం?

1815 ఫిబ్రవరిలో నెలలు నిండకుండా ఒక ఆడబిడ్డ పుట్టి కొద్ది రోజులకే చనిపోయింది. మార్చిలో మేరీ డైరీలో ఒక కల రాసుకుంది: బిడ్డ చావలేదు, చల్లబడింది అంతే, పొయ్యి దగ్గర ఒళ్ళు రుద్దితే బతికింది. నిద్ర లేస్తే బిడ్డ లేదు. ఏడాది తర్వాత ప్రాణంలేని ఒంటికి ప్రాణం పోసే కథ మొదలుపెట్టింది. 1970ల మధ్యలో ఎలెన్ మోయర్స్ అనే విమర్శకురాలు దీన్ని పట్టుకుని, ఇది కాన్పు గురించీ కన్నాక కలిగే భయం గురించీ రాసిన కథ అని వాదించాక నవలను చదివే తీరే మారిపోయింది. అంతకుముందు దాదాపు నూట యాభై ఏళ్ళు చదివినవాళ్ళకు ఈ సంగతి తట్టకపోవడమే వింత.

కాకపోతే ఆ కలతోనే అంతా తేల్చేస్తే మళ్ళీ పాత పనే చేస్తున్నట్టు: పుస్తకం పక్కనపెట్టి రచయిత్రిని చదవడం. గాల్వానీ కప్పల మీద, ఆల్దీనీ ఉరితీసిన ఖైదీ శవం మీద కరెంటు పెట్టి కదిలించిన కాలమది. హంఫ్రీ డేవీ రసాయనశాస్త్రం ఆమె కూర్చుని చదివింది. బాధపడిన తల్లి మాత్రమే కాదు, శ్రద్ధగా చదువుకున్న రచయిత్రి కూడా.

1818 ప్రతి చదవాలా, 1831 ప్రతి చదవాలా?

1818. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళ మేరీ 1831లో సరిదిద్దిన ప్రతిలో విధిరాత మాట ఎక్కువైంది, విక్టర్ మీద తప్పు తగ్గింది. విక్టర్‌కి వరసైన ఎలిజబెత్ అందులో ఎవరో కన్న పెంపుడు పిల్లగా మారింది. అప్పటికి ఆమె ముగ్గురు పిల్లల్నీ భర్తనూ పోగొట్టుకుంది, ఆ బరువు కనబడుతుంది. అయితే 1831 ముందుమాట మాత్రం తప్పకుండా చదవండి. ఆ జెనీవా రాత్రుల కథ ఆమె మాటల్లో ఉన్నది అక్కడే. చౌకగా, ఒకే సంపుటంలో వచ్చింది కాబట్టి చాలాకాలం లోకమంతా చదివింది 1831 ప్రతినే. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియాలంటే ఎలిజబెత్ ఎవరని పరిచయం చేశారో చూడండి.

ఇందులో ఇండియా ప్రస్తావన ఉందా?

ఉంది, అది కూడా 1831 ప్రతిలోనే. విక్టర్ స్నేహితుడు క్లెర్వాల్ పర్షియన్, అరబిక్‌లతో పాటు సంస్కృతం కూడా నేర్చుకుంటాడు. ఇండియాకు వెళ్ళి, అక్కడి భాషలు తెలుసు కాబట్టి యూరప్ వలసలకూ వ్యాపారానికీ సాయపడాలన్నది అతని ఆలోచన. నవలలో అందరికంటే మంచివాడు అతనే, మంచివాడి కల అది. విమర్శకురాలు గాయత్రీ స్పివాక్ 1985లో రాసిన వ్యాసంలో ఈ నవలను సామ్రాజ్యం వైపు నుంచి చదివింది. నాకైతే ఆ పేజీ దగ్గర సి.పి. బ్రౌన్ గుర్తొస్తాడు. మేరీ నవల పూర్తిచేసిన 1817లోనే ఆయన మద్రాసులో దిగాడు. క్లెర్వాల్ బతికుంటే ఏ కలెక్టరు కచేరీలోనో కూర్చుని తెలుగు వ్యాకరణం రాసేవాడేమో.

ఈ పుస్తకం ఎవరికి నచ్చదు?

వేగం కావాలనుకునేవాళ్ళకు నచ్చదు. ప్రతి పాత్రా ఒకే రకం గంభీరమైన భాష మాట్లాడితే విసుగొచ్చేవాళ్ళకు కూడా. నవ్వు అన్నది మచ్చుకైనా లేదు. ఆడపాత్రలు పలచన. రచయిత్రి తల్లి పేరు అంత పెద్దది అయినా, నవలలో ఎలిజబెత్‌కి పని ఎదురుచూడటమే.

మొదట్లో విసుగొస్తే వాల్టన్ ఉత్తరాలు గబగబా చదివేసి దాటండి గానీ వదిలేయకండి, చివర్లో వాల్టన్ మళ్ళీ వస్తాడు, అప్పుడు అతనెవరో తెలియాలి. మూడు భాగాలుగా విడగొట్టిన 1818 ప్రతి దొరికితే రెండో భాగం ఒకే రోజు చదివేయండి. మంచుకొండ మీద విక్టర్‌కి ఎదురుపడి జీవి తన కథ చెప్పుకునేది అందులోనే, మధ్యలో ఆపితే ఆ గొంతు పట్టు తప్పుతుంది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంగ్లీషు పాఠం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి ముద్రణ ప్రతే కావాలంటే మాత్రం కష్టం, 2021లో ఒకటి న్యూయార్క్ వేలంలో పదకొండు లక్షల డాలర్లు దాటింది.